ఆ ఒక్క వాక్యం తప్ప

…ఆ రోజుకి నాకు అరవై ఐదేళ్ళు నిండుతాయి. ఈ దేశంలో ఆ వయసొచ్చిన అందరిలాగే నేనూ మెడికేర్ అనే పెద్దవాళ్ళ ఆరోగ్య బీమాలో ప్లాన్ కోసం మా ఆఫీసు నంబరుకి ఫోన్ చేస్తాను. అవతల ఎత్తేది నేనే. ముప్పై నాలుగేళ్ళ నేను. "మీ పుట్టిన తేదీ చెప్తారా అండీ?" అని నా గొంతే నన్ను అడుగుతుంది. ఎంత మర్యాదో వాడికి! వాడికి మోకాళ్ళ నొప్పులుండవు. జలుబు చెయ్యదు. నత్తి అసలే ఉండదు. నేను తడబడుతూ తేదీ చెప్తుంటే ఓపిగ్గా వింటాడు, ఎన్ని సెకన్లు ఓపిక పట్టాలో ఎవరో ముందే రాసిపెట్టి ఉంటారు కాబట్టి. అప్పుడు నేను వాణ్ణి ఒకటే అడగాలనుకుంటాను: ఒరేయ్, థియా ఏమైందిరా? ఆ డిసెంబర్ ఏడున నువ్వు…

"గురూ! రెండొందల పన్నెండు. ఇంకోసారి."

రికార్డింగు గది అద్దం అవతల నుంచి కర్టిస్. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. అతను గొంతులు కోసి, అతికించి, యంత్రానికి నేర్పించే మనిషి. నేను గొంతు ఇచ్చే మనిషిని. పొద్దుట్నుంచి రెండొందల పదకొండు వాక్యాలు ఒక్క తప్పు లేకుండా చదివాను. రెండొందల పన్నెండో దాని దగ్గర ఆగిపోయాం.

ఇవాళే డిసెంబర్ ఏడు. ప్లాన్లు మార్చుకోవడానికి ఆఖరి రోజు. అక్టోబర్ పదిహేను నుంచి ఇవాళ్టి దాకా మా బీమా ఏజెంట్లకి పండగ సీజన్. రేపట్నుంచి ఎవరూ ఫోన్ చెయ్యరు. రేపట్నుంచి సరస్సు ఒడ్డున ఉన్న లైబ్రరీ వరండాలో థియా సలహాల బల్ల కూడా ఉండదు. ఆ బల్ల లేకపోతే ఆమెని చూడ్డానికి నాకు వంక అంటూ ఏదీ మిగలదు.

మా ఆఫీసులో వచ్చే ఏడాది నుంచి ఏజెంట్లూ ఉండరు. పన్నెండు కుర్చీలు తీసేసి ఒక గొంతు పెడుతున్నారు. సెప్టెంబర్లో మా మేనేజర్ గ్లెన్ డోనట్ల డబ్బా పక్కన నిలబడి చెప్పాడు ఈ సంగతి.

"ఎవరి గొంతు వింటే ప్రాణానికి హాయిగా ఉంటుందని మన పెద్దవాళ్ళందర్నీ అడిగాం. వెండెల్ నోవాక్ అన్నారు. నిన్ను తీసెయ్యట్లేదు వెండెల్, నిన్ను ఎక్కువ చేస్తున్నాం!"

అందరూ నాకేసి చూశారు. నేను డోనట్‌కేసి చూశాను. ఎవరైనా నాకోసం ఏదైనా నిర్ణయిస్తే నాకు లోపల్లోపల ఒక తేలిక. ఆ తేలికని నేను చాలాకాలం మంచితనం అనుకున్నాను.

చిన్నప్పుడు నాకు నత్తి ఎక్కువ. బళ్ళో ఒక టీచర్ కనిపెట్టింది, కంఠతా వచ్చిన వాక్యాలు చెప్పేటప్పుడు నాకు నత్తి రాదని. ఆ రోజు నాకో ఇల్లు దొరికినట్టయింది. అప్పట్నుంచీ ఎవరో రాసిన మాటల్లోనే కాపురం ఉంటున్నాను. మెడికేర్ ఏజెంటు పని నాకోసమే పుట్టినట్టుండేది. ప్రతి మాటా రాసి ఉంటుంది. ప్రతి ఫోన్ కాలూ రికార్డవుతుంది. అన్నిటికంటే గొప్ప రూలు ఇంకోటుంది: మేమై మేము ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. పిలవని ఇంటి తలుపు తట్టకూడదు. వాళ్ళే పిలవాలి. తొమ్మిదేళ్ళుగా నేను ఏ మాటా మొదలుపెట్టలేదు.

అక్టోబర్ పదిహేనున కూడా నేను మొదలుపెట్టలేదు.

ఆ రోజు వాన. సరస్సు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని బూడిదరంగు వాన. లైబ్రరీలో ఒక గది తీసుకుని ప్లాన్ల గురించి మాట్లాడి బయటికొస్తున్నాను. తడిసిన జుట్టుని పెన్సిల్‌తో ముడేసుకున్న ఒకమ్మాయి ఎదురొచ్చింది. మెళ్ళో కౌంటీ ఆఫీసు వాళ్ళ గుర్తింపు బిళ్ళ.

"వెండెల్ నోవాక్ మీరేనా?"

"అవునండీ."

"నా పేరు థియా. ఆ బల్ల నాది. రాష్ట్రం తరపున ఉచిత సలహా." వరండా చివర చూపించింది. "మిసెస్ డెన్నిస్ అని ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేశారు. ఆవిడతో ఫోన్లో మొట్టమొదట మీరేదో అన్నారట. స్టేషన్లోంచి రైలు వెళ్ళిపోయినట్టు వినిపించిందట ఆవిడకి. ఏమన్నారు?"

"అది చట్టప్రకారం చదవాల్సిన వాక్యమండీ."

"చదవండి."

"ఇక్కడా?"

"వాన పడట్లేదుగా ఇక్కడ."

చదివాను. నాలుగు సెకన్లు. మా ఆఫీసులో అందరికంటే వేగం నాదే.

ఆమె తల పక్కకి వంచింది. "అందులో నా బల్ల గురించి కూడా ఏదో ఉన్నట్టుంది. తుమ్మారనుకున్నాను."

"ఉందండీ. చివర్న."

"ఇప్పుడు మనుషులకి చెప్పినట్టు చెప్పండి."

ఎందుకో చెప్పాను. "మీ ప్రాంతంలో ఉన్న ప్లాన్లన్నీ మా దగ్గర లేవు. మా దగ్గర ఉన్నవి కొన్నే. అన్నిటి గురించీ తెలుసుకోవాలంటే మెడికేర్‌కి గానీ, మీ రాష్ట్ర సలహా కేంద్రానికి గానీ ఫోన్ చెయ్యండి."

చెప్తుంటే తెలిసింది, రోజుకి నలభై సార్లు చదివే ఆ వాక్యాన్ని నేనెప్పుడూ వినలేదని. మన దగ్గర అన్నీ లేవని మనమే ఒప్పుకోవడం. ఇంకొకరి దగ్గరికి వెళ్ళమని మనమే దారి చూపించడం. అంత నిజాయితీ గల వాక్యం నేను సొంతంగా ఎప్పుడైనా అన్నానా?

"బావుంది," అంది థియా, కొంచెం ఆశ్చర్యంగా. వెంటనే సంచిలోంచి పసుపు టేపు తీసి, తన బల్లకి నాలుగడుగుల ముందు కార్పెట్ మీద అడ్డంగా అతికించింది. "ఏజెంట్లు ఇది దాటకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరి పక్షమూ కాని మాట కోసం వస్తారు. వెనకాల మీరు నవ్వుతూ నిలబడితే ఎలా?"

"నేను నవ్వట్లేదండీ."

"మరిప్పుడు మీ మొహం మీదున్నదేంటి?"

"భయం."

ఆమె చటుక్కున కిటికీకేసి తిరిగి వానని చాలా శ్రద్ధగా చూసింది. భుజాలు మాత్రం కదిలాయి.

మర్నాటి నుంచీ ఆ వాక్యం నా నోట్లో వేగంగా నడవనని మొరాయించింది. "మీ రాష్ట్ర సలహా కేంద్రానికి" అనేసరికి పెన్సిల్ గుచ్చిన తడి జుట్టు కనపడేది. చట్టం ప్రకారం రోజుకి నలభై సార్లు ఆమెని తలుచుకోవాల్సిన మనిషిని నేనొక్కణ్ణే అయుంటాను.

రెండో వారం టేపుకి ఇవతల నిలబడి ఉంటే ఆమె తలెత్తకుండానే అంది:

"ఈ వారం పదకొండు మంది. అందరూ వెండెల్ చెప్తే వచ్చామన్నారు. ఇది ప్రేమా, వ్యాపారం చేతకాకపోవడమా?"

"చ… చట్టం," అన్నాను.

ఆమె తలెత్తింది. నత్తి వచ్చినప్పుడు ఎదుటివాళ్ళు చేసే పనులు నాకు కొట్టినపిండి. కొందరు చూపు తిప్పుకుంటారు. కొందరు దయతలచి మాట పూర్తి చేసేస్తారు. థియా ఊరికే ఎదురుచూసింది, ట్రాఫిక్ లైటు మారేదాకా ఆగినట్టు.

ఒక మధ్యాహ్నం ఆమె కాగితం సంచిలోంచి పెప్పరోనీ బాల్ ఒకటి తీసి టేపు మీదుగా చెయ్యి చాచింది. మా ఈరీ ఊళ్ళో పెరిగినవాళ్ళెవరూ కాదనలేని, మాంసం కూరిన బన్ను అది.

"మీ అమ్మకాల మీటింగుల్లో భోజనం పెట్టకూడదు, చిరుతిండి పెట్టొచ్చు. అంతేగా రూలు? మరి ఇదేంటి?"

"ఒకటైతే చిరుతిండి."

"రెండైతే?"

"భోజనం. ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం పోతుంది. నాది పోదు." ఇంకోటి తీసి నా చేతిలో పెట్టింది. ఆ రోజే 'మీరు' ఎక్కడో వరండాలో జారిపోయింది.

"అందరితో గలగలా మాట్లాడతావట. నా దగ్గరే ఎందుకు తడబడతావ్?" అంది నోటినిండా బన్నుతో.

"నీకు… స్క్రిప్టు లేదు."

ఆమె నమలడం ఆపింది. బయట వానలో ఎవరో గొడుగు తిరగబడి దాని వెంట పరిగెత్తుతున్నారు. ఇద్దరం ఆ గొడుగుని అవసరం కంటే ఎక్కువసేపు చూశాం.

నా గొంతు సంగతి ఆమెకి చెప్పాలి. రేపు చెప్తాను అనుకునేవాణ్ణి. మనసుకి 'రేపు' అనేది చాలా మెత్తటి కుర్చీ.

నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండక్కి రెండ్రోజుల ముందు గ్లెన్ కరపత్రాలు పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. థియాతో అతనే చెప్పేశాడు, పిల్లాడి మార్కులు చెప్పే తండ్రిలా. "వచ్చే ఏడాది నుంచి మా వెండెల్ ఒకేసారి వెయ్యిమందితో మాట్లాడతాడమ్మాయ్! అలుపుండదు, నత్తుండదు!"

అతను వెళ్ళాక ఆమె కాగితాలు సర్దుతూ అడిగింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"సెప్టెంబర్."

"ఆ వాక్యం కూడా ఇస్తున్నావా?"

"అ… అన్నీ."

"ఓహో. నెమ్మదిగా చెప్పిందంతా ప్రాక్టీసన్నమాట. నేను ఉచితంగా నేర్పించిన మేష్టర్ని."

కాదు అనాలి. రెండే అక్షరాలు. అవి గొంతులో అడ్డం పడ్డాయి. ఆమె ఆగింది, ఎప్పటిలాగే. నేను మాత్రం ఆ మాటని బయటికి తొయ్యడం మానేసి నేలకేసి చూశాను. ఆ చూపునే జవాబు అనుకుంది.

"మిసెస్ డెన్నిస్ మాట మధ్యలో ఆగిపోతారు, వాళ్ళాయన గుర్తొచ్చి. అప్పుడేం చేస్తుంది నీ యంత్రం?" అంది. "మీరు ఇంకా లైన్లో ఉన్నారా అని అడుగుతుంది. అదీ నీ గొంతుతో."

పండగ సెలవులయ్యాక రోజూ వెళ్ళాను. ఆ టేపు దగ్గరి దాకా వెళ్ళి, ఆమె ఎవరో ముసలాయనకి మందుల లిస్టు చదివి వినిపిస్తూ ఉంటే, కాసేపు నిలబడి తిరిగొచ్చేసేవాణ్ణి. ఆమె పిలవలేదు. ఫోన్ చెయ్యలేదు. వాళ్ళే చెయ్యాలి కదా, అదీ రూలు. రూలు పక్కన పడుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో!

మొన్న మిసెస్ ఒపల్ డెన్నిస్ ఫోన్ చేసింది. ఎనభై ఒక్కేళ్ళు ఆవిడకి.

"ఈ ఏడు ప్లాన్ మార్చనబ్బాయ్. ఊరికే చేశాను. ఆ వాక్యం చెప్పు."

"మీకు తెలుసుగా అండీ."

"చట్టం కదా, చెప్పు."

చెప్పాను.

"అదీ! చివర్న మెత్తబడుతుంది నీ గొంతు. మా ఆయన ఎర్ల్ చర్చిలో అందరి పేర్లూ మామూలుగా పిలిచి నా పేరు దగ్గర అట్లాగే అయిపోయేవాడు." కాసేపు ఆగింది. నేనూ ఆగాను. "ఆ సలహా కేంద్రంలో ఎవరున్నారా అని బస్సెక్కి వెళ్ళి మరీ చూశాను. ఆ పిల్ల నన్నడిగింది, వెండెల్ ఎలా ఉన్నాడని. ఫోన్ చేసి చెప్పలేవూ ఎలా ఉన్నావో?"

"మేమై మేము ఫోన్ చెయ్యకూడదండీ. రూలు."

"ఆ పిల్లకి అరవై ఐదేళ్ళా?"

"కాదండీ."

"మెడికేర్ అమ్ముతున్నావా ఆ పిల్లకి?"

"లేదండీ."

"మరి నీ రూలు ఆ పిల్లకెట్లా తగులుతుంది నాయనా?"

ఆ కాల్ రికార్డయింది. పదేళ్ళు దాచాలి మావాళ్ళు. ఆవిడ ప్రశ్న కూడా పదేళ్ళు భద్రంగా ఉంటుంది.

"గురూ, విను." కర్టిస్ తెరమీద అలల్లాంటి గీతలు చూపించాడు. "మిగతా వాక్యాలన్నీ గుండ్రాళ్ళలా ఒకేలా ఉన్నాయి. ఇది చూడు. పదకొండు సెకన్లు. ఇదిగో, ఈ 'రాష్ట్ర సలహా కేంద్రం' దగ్గర ఎలా దిగిపోయిందో! కంపెనీకి నాలుగు సెకన్లలో కావాలి. ఎవరితో మాట్లాడుతున్నావ్ నువ్వు?"

నా మనసుని గీతలుగా గీసి చూపించడం అదే మొదటిసారి. ఒక చోట నిజంగానే లోయ ఉంది.

"ఇంకోసారి చెప్తాను," అన్నాను.

పాత వేగంతో చదివాను. నాలుగు సెకన్లు. కర్టిస్ బొటనవేలెత్తాడు, నాకు వినిపించాడు. నా గొంతే. శుభ్రంగా, హాయిగా, ప్రాణం లేకుండా తుమ్మింది.

అప్పుడు చూశాను, వెయ్యి ఇళ్ళల్లో వెయ్యి ఫోన్లు. వెయ్యిమంది ఒపల్‌లు చెవికి ఆనించుకుని ఉన్నారు. రైలు వెళ్ళిపోతోంది. ప్లాట్‌ఫారం మీద పెన్సిల్ గుచ్చిన జుట్టుతో ఒకమ్మాయి నిలబడి ఉంది, ఎవరికీ కనపడట్లేదు. రైలు నడుపుతున్నది నేను.

హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాను.

"ఇది తప్ప అన్నీ తీసుకో."

"ఇది లేకపోతే ఆ యంత్రం చట్టప్రకారం నోరు తెరవకూడదు, తెలుసా? ఇంకెవరిదో గొంతు మొదట్నుంచి రికార్డు చెయ్యాలి."

"తె… తెలుసు."

కర్టిస్ నాకేసి వింతగా చూశాడు. నాకు నత్తుందని అప్పటిదాకా అతనికి తెలీదు. ఒప్పందం కాగితం సంతకం లేకుండా అలాగే పడుంది. దాన్ని చూసి, నన్ను చూసి, మెల్లగా నవ్వాడు. "గ్లెన్‌కి ఏం చెప్పమంటావ్?"

"జలుబు చేసిందని చెప్పు."

బయట మంచు మొదలైంది. సరస్సు మీంచి వచ్చే మంచుకి తొందరెక్కువ. కారు వంతెన దిగేసరికి ఊరు తెల్లగా చెరిగిపోయింది. వైపర్ల మధ్య నా భవిష్యత్తు కనిపిస్తుందేమో అని చూశాను. వచ్చే అక్టోబర్లో నేనెవరో తెలీలేదు. భయం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. దారి మాత్రం కనిపించింది, ముందున్న కారు వెనక దీపాల మేరకి.

నాలుగున్నర. లైబ్రరీ వరండాలో ఆమె కరపత్రాలు అట్టపెట్టెలో సర్దుతోంది. పెన్సిల్ జుట్టులోనే ఉంది. నా కాళ్ళు అలవాటైన చోట ఆగాయి.

తలెత్తకుండా అంది. "ఇంకో అరగంటే. ప్లాన్ మార్చుకోవాలా?"

"మా… మార్చుకోవాలి."

ఆమె చేతులు పెట్టెలోనే ఆగాయి.

"వయసు?"

"ముప్పై నాలుగు."

"ముప్పై ఒక్కేళ్ళు ముందొచ్చారు."

"ఆ వాక్యం ఇవ్వలేదు థియా."

"ఏ వాక్యం?"

"తుమ్ము."

పెదవి కొరుక్కుంది. నవ్వుకో, కోపానికో. "ఎందుకు? అందరికంటే వేగంగా చదువుతావుగా."

ఇక్కడ రాసిపెట్టిన మాటేదీ లేదు. ఎప్పుడూ పరిగెత్తుకెళ్ళి దాక్కునే ఇంటి తలుపులన్నీ ఒకసారి గుర్తొచ్చాయి. వెళ్ళలేదు. గొంతులో మాట అడ్డం పడింది, పడనిచ్చాను.

"అందులో ను… ను… నువ్వున్నావ్."

ఆమె సాయం చెయ్యలేదు. చూపు తిప్పుకోలేదు. మాట పూర్తయ్యేదాకా ఎదురుచూసింది, పూర్తయ్యాక కూడా ఇంకాసేపు ఎదురుచూసింది, ఇంకేమైనా వస్తుందేమో అన్నట్టు. వచ్చింది.

"ప్రాక్టీసు కా… కాదు. ఒక్కసారి కూడా కాదు. నా దగ్గర అన్నీ లేవు థియా. వచ్చే ఏడు ఉద్యోగం కూడా లేదు. ఉన్నవి కొన్నే."

"అన్నీ ఉన్నాయని చెప్పే ఏజెంట్లని చాలామందిని చూశాను," అంది. గొంతు సరిచేసుకుని, ఒక ఖాళీ ఫారం తీసి బల్లమీద పెట్టి, జుట్టులోంచి పెన్సిల్ లాగింది. జుట్టు భుజాల మీదకి దిగింది. "మెడికేర్‌కైతే ముప్పై ఒక్కేళ్ళు ఆగాలి మరి."

"ఆ… ఆగుతాను."

"అక్కడ నిలబడా?"

కిందికి చూశాను. "టేపు…"

"వెండెల్." ఈసారి నిజంగానే నవ్వింది. "ఆ టేపు థాంక్స్‌గివింగ్ ముందురోజే ఊడి వాక్యూమ్ క్లీనర్‌లోకి పోయింది. రోజూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగి వెళ్ళిపోతున్నావ్. ఎప్పుడు చూస్తావా అని వారం నుంచీ చూస్తున్నాను."

కార్పెట్ మీద నిజంగానే ఏమీ లేదు. జిగురు అంటిన చోట సన్నటి దుమ్ము చార, చూస్తే తప్ప తెలియనంత. నా బూట్ల మంచు కరిగి దాని దాకా పాకింది. ఇవతల నేను. అవతల నాలుగడుగుల దూరంలో ఒక ఖాళీ కుర్చీ, పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తున్న చెయ్యి.

కుడికాలు ఎత్తి ఆ చార అవతల పెట్టాను.